చక్రకోట రాణుల శిలాక్షరములు

పారిస్ నగరమునందలి కొమెడీ ఫ్రాంసేజ్ నాటకశాలలో 1954 డిసెంబరు 8వ తేదీన ఒక ఏకాంక నాటకము ప్రథమముగా ప్రదర్శింపబడినది. దాని పేరు 'పోర్ రొయాల్'. రచయిత ఆంరీ ద మోంతెర్లాన్. యూరపు నాటకములను గూర్చి మన పత్రికలలో జరుగు చర్చలలో ఇబ్సెన్, షా, చెఖోవ్ నామములు వినబడినంతగా ఈ నాటకము పేరు వినబడదు. అయినను స్త్రీల ఏకాంతవాసమును వస్తువుగా గైకొన్న చారిత్రక నాటకములలో దీనికొక ప్రత్యేకస్థానము కలదు.

కథాకాలము 1664 ఆగస్టు. స్థలము పోర్ రొయాల్ మఠము. లోకమును విడిచి తలుపులు మూసికొని ప్రార్థనలో కాలము గడపు సన్యాసినుల యొద్దకు ఒక కాగితము వచ్చినది. యాన్సెనియస్ అను మతాచార్యుని గ్రంథములో అయిదు దోషసిద్ధాంతములు కలవని అంగీకరించి, వానిని ఖండించి, క్రింద సంతకము చేయవలెనని మతాధికారుల ఆజ్ఞ. ఆ సిద్ధాంతములు దోషములైన కావచ్చును గాని ఆ గ్రంథములో ఉన్నవని తాము నమ్మలేమనియు, నమ్మని మాటకు సాక్ష్యముగా పేరు వ్రాయజాలమనియు సన్యాసినుల ప్రత్యుత్తరము. ఆర్చిబిషప్ పెరెఫిక్స్ స్వయముగా మఠమునకు వచ్చెను. పండ్రెండుగురిని వేరుపరచి అన్యమఠములకు పంపివేసిరి. నాటకములో యుద్ధము లేదు, ప్రణయము లేదు. ఒక సంతకము మాత్రమే కలదు. తొలుత దృఢముగా నిలిచిన సోదరి ఆంజెలీక్ హృదయమున సందేహము ప్రవేశించుటయు, తొలుత చలించిన చిన్న సోదరి ఫ్రాంస్వాజ్ క్రమముగా దృఢపడుటయు ఇందలి అంతర్నాటకము. పిమ్మటి చరిత్ర తెలిసినదే. 1709లో గ్రామసీమలోని పోర్ రొయాల్ మఠమున మిగిలిన సన్యాసినులను చెదరగొట్టి, అనంతరము ఆ కట్టడములను నేలమట్టము చేసిరి. రాళ్లు పోయినవి, వ్రాయ నిరాకరించిన పేర్లు నిలిచినవి.

ఈ నాటకమును తలచినపుడెల్ల ఒక ప్రశ్న కలుగుచుండును. లోకమునకు దూరమైన ఆశ్రయమున నివసించి, తమ పేరునకు విలువ కట్టుకొన్న స్త్రీలు మన చరిత్రలో లేరా? ఉన్నారు. వారిలో కొందరు మన భాషలోనే తమ పేరును శిలపై వ్రాయించుకొనిరి. అయితే వారు ఉన్న తావు మన సాహిత్యచరిత్రకారుల దారిలో లేదు. అది బస్తరు.

బస్తరు అనగానే మనకు దండకారణ్యము స్ఫురించును. రామాయణకథనుబట్టి అది వనవాసమునకును, సీతాపహరణమునకును నెలవు. తరువాతి చరిత్రలో అది పారిపోయినవారికి మరుగు. గోదావరి దాటి ఉత్తరముగా సాగిన కొలది దట్టమగు సాలవనములు, కొండలు, వాని నడుమ తూర్పునుండి పడమరకు ప్రవహించు ఇంద్రావతి. చిత్రకోట యొద్ద ఆ నది విశాలమగు జలపాతమై దూకును. ఆ దిగువను, నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున దంతెవాడ జిల్లాలో బార్సూరు అను గ్రామము కలదు. పదునొకండు, పండ్రెండు శతాబ్దులలో ఛిందక నాగవంశపు రాజులకు అది ముఖ్యపట్టణము. తాము భోగవతీపురవరేశ్వరులమని చెప్పుకొన్న ఈ రాజుల మూలములు కర్ణాటదేశపు సిందవంశమున కలవని పరిశోధకుల అభిప్రాయము. వారి దేశమునకు చక్రకోటమని పేరు. తమిళ శాసనములు దానిని శక్కరకోట్టమనును. రాజేంద్రచోళుని దిగ్విజయములలోను, యువకుడైన కులోత్తుంగచోళుని పరాక్రమవర్ణనలలోను దాని ప్రశంస కలదు. కల్యాణి చాళుక్యుడైన విక్రమాదిత్యుని విజయములలో దానిని బిల్హణుడు చేర్చినాడు. కావున ఆ అరణ్యము మనమనుకొన్నంత ఏకాంతమైనది కాదు. అడవి దాపు నిచ్చినది గాని, సేనలు అడవిని విడిచిపెట్టలేదు.

ఈ దేశపు శాసనములను తొలుత సాకల్యముగా పఠించి ప్రకటించిన కీర్తి రాయ్ బహదూర్ హీరాలాల్ గారిది. ఇరువదవ శతాబ్ది తొలి దశకములో ఎపిగ్రాఫియా ఇండికా తొమ్మిదవ, పదియవ సంపుటములలో ఆయన వీనిని లోకమునకు చూపినారు. వానినిబట్టి తెలియు విశేషమొకటి తెలుగువారు గమనింపదగినది. స్థూలముగా చెప్పినచో, ఇంద్రావతికి ఉత్తరమున నాగరిలిపి, సంస్కృతము, దక్షిణమున తెలుగు. శక 945, అనగా క్రీ.శ. 1023 ప్రాంతపు ఎర్రకోట శాసనము నృపతిభూషణుని పేర్కొనుచున్నది. అది తెలుగు శాసనము. శక 983లో, అనగా 1060–61లో, జగదేకభూషణ మహారాజు కాలమున, అమ్మగ్రామాధిపతియు తెలుగు చోడుడునగు చంద్రాదిత్యుడు బార్సూరున శివాలయము కట్టించి చెరువు త్రవ్వించి వ్రాయించిన శాసనమును తెలుగే. నన్నయభట్టు రాజమహేంద్రవరమున భారతమును తెనిగించుచున్న కాలమున, ఇంద్రావతీ తీరపు అడవిలో ఒక సామంతుడు తన ధర్మకార్యమును తెలుగున చెక్కించుచుండెను. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నిలిపి చూచు అలవాటు మనకింకను రాలేదు.

ఇక స్త్రీల సంగతి.

చిత్రకోటకు చేరువ, ఇంద్రావతి ఒడ్డున నారాయణపాల్ గ్రామమున ఒక విష్ణ్వాలయము కలదు. అందలి శాసనము శక 1033 నాటిది, అనగా క్రీ.శ. 1111. భాష సంస్కృతము. దానము చేసినది గుండమహాదేవి. ఈమె ధారావర్షుని పత్ని, సోమేశ్వరదేవుని తల్లి, కన్హరదేవుని పితామహి. భర్త పోయినాడు. కుమారుడును అప్పటికి దివంగతుడు. మనుమడు రాజ్యము చేయుచున్నాడు. అట్టి సమయమున వృద్ధురాలగు ఈ రాజమాత నారాయణునకు ఒక గ్రామమును, లోకేశ్వరునకు కొంత భూమిని సమర్పించినది. శాసనము దుఃఖమును గూర్చి ఒక్క మాట పలుకదు. వంశక్రమమును మాత్రము చెప్పును. కాని ఆ క్రమములోనే దుఃఖమంతయు కలదు. మూడు తరముల రాజుల పేర్లను వరుసగా చెప్పి, ఆ మువ్వురకును తానేమగునో చెప్పి, నడుమ నిలిచియున్న స్త్రీ ఈమె. రాజులు మారిరి, ఈమె ఉన్నది. కురుస్పాల్‌లో మరియొక శాసనము సోమేశ్వరుని రాణి ధారణమహాదేవి చేసిన దానమును తెలుపుచున్నది. అత్తయు కోడలును వేర్వేరు తావులలో, వేర్వేరు శిలలపై, ఎవరి పేరును వారు నిలుపుకొనిరి.

బార్సూరులో బత్తీసా మందిరమని జనులు పిలుచు ఆలయమొకటి కలదు. ముప్పది రెండు స్తంభముల మండపము కలదగుటచే దానికా పేరు. ఆ ఒక్క మండపములోనికి రెండు గర్భగృహములు తెరచుకొనును. రెంటను శివలింగములే. సోమేశ్వరదేవుని పట్టమహిషి గంగమహాదేవి రెండు శివాలయములకు ఒక గ్రామమును దానము చేసిన శాసనము బార్సూరునందే లభించినది. ఆ ఆలయములివియేయని సంప్రదాయము. శాసనమున కనబడు శకవర్షము 1130, అనగా క్రీ.శ. 1208–09. ఈ సంఖ్యను యథాతథముగ గ్రహించినచో ఈ సోమేశ్వరుడు గుండమహాదేవి కుమారునకు నూరేండ్ల తరువాతివాడు కావలెను. శాసనభాష తెలుగు.

దానములు చేసిన రాణులు మన దేశమున వేలు. ఇందలి విశేషము దానము కాదు, నామకరణము. ఒక దేవునకు వీరసోమేశ్వరుడని పేరు. అది భర్త పేరు. రెండవ దేవునకు గంగాధరేశ్వరుడని పేరు. అది తన పేరు. దేవునకు తన పేరు పెట్టి ప్రతిష్ఠించుట ఆనాటి రాజులకు సామాన్యమైన ఆచారము. రాణి దానిని తనకును వర్తింపజేసికొన్నది. గంగాధరుడనునది శివునకు సహజమైన నామము కావున ఎవ్వరును ఆక్షేపింపజాలరు. భక్తియు లోపింపలేదు, మర్యాదయు మీరలేదు, పేరును నిలిచినది. ఒకే మండపమున, ఒకే కప్పు క్రింద, భర్త దేవునకును భార్య దేవునకును ఒకే కొలత నీడ. చిన్న విషయమని తోచవచ్చును. కాని అటుపిమ్మట అర్ధశతాబ్దికి ఓరుగల్లున ఏమి జరిగినదో స్మరింపుడు. కాకతి గణపతిదేవుని పుత్రిక సింహాసనమెక్కినది. అయినను శాసనములలో అనేకచోట్ల ఆమె రుద్రదేవ మహారాజు. రాజ్యము చేయుటకు పురుషనామము వలసివచ్చినది. అంత గొప్ప రాజ్యమున దొరకని సదుపాయము ఈ అడవిలోని పట్టణమున ఒక పట్టమహిషికి దొరకినది. అధికారము తక్కువైనచోట పేరునకు అడ్డము తక్కువయేమో విచారింపదగియున్నది.

మూడవ స్త్రీ ఈ ఇరువురకంటెను విశేషముగా మన శ్రద్ధకు పాత్రురాలు. ఆమె పేరు మాసకదేవి. దంతెవాడలో దొరకిన శాసనమునుబట్టి ఈమె రాజభూషణ మహారాజునకు సోదరి. ఆ శాసనమున ఆలయము లేదు, దేవుడు లేడు, పుణ్యఫలమును గూర్చిన ఆశ లేదు. ఉన్నది పన్నుల తగవు.

దాని తాత్పర్యమిది. అధికారులు అకాలమున పన్నులు గుంజి వ్యవసాయదారులను బాధించుచున్నారు. కావున పంచమహాసభల పెద్దలును, సేద్యగాండ్రును కూడి ఒక కట్టుబాటు చేసిరి. రాజు పట్టాభిషేక సమయమున గ్రామములనుండి వసూలుచేయు సొమ్మును, ఆయా గ్రామములలో చిరకాలముగా నివసించుచున్నవారినుండి మాత్రమే గైకొనవలెను. ఈ కట్టుబాటును మీరినవాడు చక్రకోట ప్రభువునకును మాసకదేవికిని ద్రోహి.

ఇందు రెండు అంశములు ఆలోచింపదగినవి. మొదటిది, చిరకాలవాసులకు మాత్రమే పట్టాభిషేకపు పన్ను అను నియమము. అనగా క్రొత్తగా వచ్చి అడవి నరికి పొలము చేసికొనుచున్నవారికి ఆ భారము లేదు. ఎక్కడనుండియో బ్రతుకు వెదకికొని వచ్చినవానికి మొదటి పంట ఇంటికి చేరకమునుపే రాజోత్సవపు ఖర్చు నెత్తిన పడినచో, వాడు మూట కట్టుకొని మరియొక అడవికి పోవును. ఈ నియమము వానిని నిలుపుటకై ఏర్పడినదని నా ఊహ. ఇది దయయు కావచ్చును, రాజనీతియు కావచ్చును. రెండును కలిసినపుడే ధర్మము నిలుచును. అడవి మరుగు ఇచ్చునని కవులు వ్రాసిరి. ఆ మరుగునకు చట్టరూపము నిచ్చిన పత్రమునకు పూచీ పడినది ఒక స్త్రీ.

రెండవది, ద్రోహమను పదము. రాజాజ్ఞను మీరినవాడు రాజద్రోహియనుట పరిపాటి. ఇచ్చట రాజు ప్రక్కన ఆమె పేరును చేరినది. ఆమె రాణి కాదు, రాజమాత కాదు, సోదరి. సింహాసనముతో ఆమెకు గల సంబంధము రక్తసంబంధమే గాని పదవీసంబంధము కాదు. అయినను పంచమహాసభల వారును, రైతులును తమ కట్టుబాటునకు కావలిగా ఆమె పేరును నిలుపుకొనిరి. ఆ పేరునకు గ్రామములలో విలువ లేనిచో ఇది జరుగదు. మన కాకతీయ చరిత్రలో గణపతిదేవుని సోదరి మైలమ త్రవ్వించిన బయ్యారము చెరువును, ఆ చెరువు శాసనమును ప్రసిద్ధములు. మైలమ నీటిని నిలిపినది. మాసక సేద్యగానిని నిలిపినది. ఇరువురును రాజుల తోబుట్టువులే. ఒకరిని పాఠ్యగ్రంథములలో చదువుదుము. రెండవ ఆమెను శాసనపరిశోధకులు తప్ప ఎరుగరు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. శాసనపు మాటలు రాణుల మాటలా? వానిని రచించినవాడు పండితుడు, చెక్కినవాడు శిల్పి. వంశావళి, తిథివారములు, శాపవాక్యములు—ఇవన్నియు అచ్చుపోసిన పద్ధతులు. వీనిలో స్త్రీకంఠము వినబడునని చెప్పుట మన కోరికయే గాని సత్యము కాదని ఎవరైన అనవచ్చును. ఈ ఆక్షేపణలో బలము కలదు. గుండమహాదేవి స్వరమెట్టిదో మనకు తెలియదు. మాసకదేవి ఆ సభలో ఏమి పలికినదో శిల చెప్పదు. వారి పొలములలో కలుపు తీసిన స్త్రీల పేర్లైతే ఏ శిలపైనను లేవు. అయితే ఇదే తర్కము రాజులకును వర్తించును. రాజశాసనములను పండితులే వ్రాసిరి. అంతమాత్రమున ఆ నిర్ణయములు రాజులవి కావని మనమనము. మాటలు ఎవరివైనను, ఎవరి పేరున ఆ మాట చెల్లినదను ప్రశ్న చరిత్రకు ముఖ్యము. సంతకము చేయువాడు పత్రమును తానే రచింపనక్కరలేదు. దానికి తాను బాధ్యుడగును. పోర్ రొయాల్ సన్యాసినులు ఆ బాధ్యత యెంతటిదో తెలిసియే కలము పట్టలేదు. చక్రకోట స్త్రీలు దానిని ఎరిగియే పేరు నిలిపిరి. నిరాకరణమును అంగీకారమును పైకి విరుద్ధములు. పేరునకు కట్టిన విలువ రెంటను ఒక్కటే.

కాలము మారినది. 1323లో ఓరుగల్లు పడిపోయినది. ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తరు అడవులకు చేరి రాజ్యము స్థాపించెనని ఆ దేశపు సంప్రదాయము. దంతేశ్వరీదేవి అతని వెంట నడచివచ్చెదననియు, వెనుదిరిగి చూడరాదనియు పలికినదట. అందెల చప్పుడు వినుచు అతడు ముందు సాగెను. నది యొద్ద ఇసుకలో అడుగులు దిగబడి అందెలు మ్రోగలేదు. అతడు తిరిగి చూచెను. దేవి అచ్చటనే నిలిచిపోయినది. శంఖిని డంకిని నదుల కలయిక యొద్ద దంతెవాడలో నేటికిని ఆమె ఆలయము కలదు. పడిపోయిన రాజధాని నుండి వచ్చిన రాజును, మార్గమధ్యమున నిలిచిపోయిన దేవతను తలచినపుడు, ఈ కథ శరణార్థుల జ్ఞాపకమని తోచును. వెంట వచ్చునదియంతయు చివరివరకు రాదు. మన భాష విషయమున అదియే జరిగినది. తెలుగుదేశమునుండి వచ్చితిమని చెప్పుకొన్న ఆ వంశమువాడైన దిక్పాలదేవుడు 1703లో దంతెవాడలో వ్రాయించిన శాసనమున సంస్కృతమును, ఉత్తరదేశపు దేశభాషయు కలవు, తెలుగు లేదు. నాగరాణులు తెలుగువంశపువారు కాకపోయియు తెలుగున వ్రాయించిరి. తెలుగువంశము వారు తెలుగును విడిచిరి. భాష రక్తమును అనుసరింపదనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యమక్కరలేదు.

ఆ వంశమునందును స్త్రీలు చరిత్ర మూలలకు పరిమితులు కాలేదు. 1910లో బస్తరు ఆదివాసులు గుండాధూర్ నాయకత్వమున తిరుగబడిన భూమ్‌కాల్ ఉద్యమమున రాజకుటుంబపు రాణి సుబరన్ కుఁవర్ పేరు వినబడును. 1922 మొదలు 1936 వరకు ప్రఫుల్లకుమారీదేవి బస్తరును స్వనామముతోనే పాలించినది. 1936లో ఆమె లండన్ నగరమున మరణించెను. అడవిలోని సింహాసనమునుండి అంత దూరమున ముగిసిన ఆ జీవితము ప్రత్యేకముగా వ్రాయదగినది; ఇచ్చట దాని ప్రస్తావన మాత్రము చాలును.

మన చారిత్రక నవలలును నాటకములును ఓరుగల్లు, రాజమహేంద్రవరము, విజయనగరము అను రాజధానుల చుట్టును తిరిగినవి. అది తప్పు కాదు. కాని ఆ రచనలలో స్త్రీ యనగా ఖడ్గము పట్టిన రుద్రమయో, అంతఃపురమున కుట్ర పన్నిన సవతియో అను రెండు మూసలు స్థిరపడిపోయినవి. చక్రకోట స్త్రీలు ఈ రెంటను ఇమడరు. ఒకతె కుమారుని మరణానంతరము మనుమని రాజ్యమున నిలిచి భూమి పంచినది. ఒకతె భర్త పేరు ప్రక్కన తన పేరును సమానముగ ప్రతిష్ఠించినది. ఒకతె సేద్యగాండ్ర కట్టుబాటునకు తన పేరును కావలి పెట్టినది. మోంతెర్లాన్ చేతికి ఇట్టి వస్తువు దొరకినచో అతడేమి చేసెడివాడో ఊహింపవచ్చును. పంచమహాసభల పెద్దలు, పన్ను గుంజు అధికారి, నిన్నమొన్న వచ్చిన సేద్యగాడు, నడుమ రాజు తోబుట్టువు. ఒక్క అంకము, ఒక్క పగలు, ఒక్క నిర్ణయము. ఆమె పేరును అచ్చట చేర్చుటకు ఎవరు అంగీకరించిరి, ఎవరు కాదనిరి, ఆమె స్వయముగా వెనుకాడినదా అనునది నాటకము. శాసనము దాని ముగింపును మాత్రమే మనకిచ్చినది.

పోర్ రొయాల్ సన్యాసినులకు మూడు శతాబ్దుల పిమ్మట ఒక నాటకకర్త దొరకినాడు. మాసకదేవి ఎనిమిది తొమ్మిది శతాబ్దులుగా శంఖిని డంకినుల తావున నిరీక్షించుచున్నది. ఆమెను గూర్చి వ్రాయువారు తెలుగువారైనచో, ఆ దేశమున ఒకనాడు శిలలపై నిలిచిన మన భాషకు అది ఋణవిమోచనమగును. ఆమె పేరు ఎప్పుడో వ్రాయబడినది. చదువుట మన వంతు.